వానను కూడా చేర్చమన్నది ఎస్తేరు

మీలో ఒక్కరు కూడా ఎస్తేరు పక్కన నిలబడలేదు.

నిన్నటి నుంచి మన పాత ఆఫీసు గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు కదా, మీకే చెబుతున్నా. ఆమె బతికుండగా రాసిన మెసేజ్‌కు బొటనవేలు బొమ్మ పెట్టి తప్పుకున్నదీ మీరే.

నిన్న పొద్దున హఫీజ్‌పేట్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటే ఎస్తేరు వాళ్ల అక్క రూతు ఫోన్ చేసింది. రూతు నర్సు. ఎన్నో చావులు దగ్గరుండి చూసిన మనిషి. "అన్నయ్యా, ఎస్తేరు లేదండి" అని ఏడ్చేసింది.

గుండెపోటు. ఆఫీసుకు తయారవుతూ పడిపోయిందట.

రైలు వచ్చింది. వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. హైటెక్ సిటీలో నా పాత కంపెనీలో ఎస్తేరు, నేను ఏళ్ల తరబడి పక్కపక్క సీట్లలో పనిచేశాం. ప్రభుత్వాలకు తుఫాను బీమా తయారుచేసే పని. మామూలు బీమాలో నష్టం చూసి, లెక్క కట్టి డబ్బిస్తారు. ఇది అలా కాదు. గాలి వేగం ముందే ఒప్పుకున్న గీత దాటితే చాలు, ఎవరూ వచ్చి చూడనక్కర్లేదు, కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం చేతికి డబ్బు వస్తుంది. దాటకపోతే పైసా రాదు.

ఈ పని మీద ఆమెకు ఎందుకంత ప్రేమో ఒకసారి క్యాంటీన్‌లో చెప్పింది.

ఆమెది సముద్రం ఒడ్డు ఊరు. చిన్నప్పుడు తుఫానుకు ఇంటి కప్పు లేచిపోయింది. నాన్న కొత్త తాటాకు తెచ్చి కూడా కప్పలేదు. నష్టం రాసుకునే ఆఫీసరు వచ్చేదాకా ముట్టుకోవద్దన్నారట.

"కప్పుకుంటే నష్టమే లేదంటారు. కప్పుకోకపోతే మేం తడుస్తాం. మా అమ్మ మమ్మల్ని మంచం కిందకి తోసి, పైన పట్టా కప్పేదండి. ఆఫీసరు గారు వచ్చేసరికి నాన్నకి ఒళ్లు కాలిపోతోంది. ఆయన పైకి చూసి, 'బానే పోయిందే' అన్నారు."

చెప్పి తనే నవ్వింది.

"పోయింది చూపించుకోడానికి ఎవరూ అలా తడుస్తూ కూర్చోకూడదు అన్నయ్యా. నాకు ఈ పాలసీ కావాల్సింది అందుకే."

తర్వాత ఒక తీర రాష్ట్రంతో ఒప్పందం వచ్చింది. పేరు రాయను. గాలితో పాటు వానను కూడా చేర్చాలని ఎస్తేరు పట్టుబట్టింది. తుఫాను నెమ్మదిగా కదిలితే గాలి కొట్టదు, వాన ముంచుతుంది అని మొత్తుకుంది. వాన చేరిస్తే ప్రీమియం పెరుగుతుంది. ప్రభుత్వం అంత కట్టలేనన్నది. అంతే. మా పెద్దసారు స్క్రీన్ మీద ఒక వరుస చెరిపేస్తూ, "అయితే వాన తీసేద్దామండి" అన్నాడు.

"తీసేయండి సార్. మేఘాలకి కూడా ఓ మెయిల్ పెట్టండి. సీసీలో నన్ను పెట్టడం మర్చిపోకండి" అంది ఎస్తేరు.

గదంతా నవ్వింది. వాన పోయింది.

మరుసటి తుఫాను మొండి ఎద్దులా తీరం మీదే కూలబడింది. గాలి గీత దాటలేదు. వాన ఆగలేదు. ఊళ్లలో కిటికీల దాకా నీళ్లు. బీమా నుంచి ఒక్క రూపాయి రాలేదు. మళ్లీ పాత దారే. ఆఫీసరు రావాలి, చూడాలి, రాయాలి. అప్పటిదాకా ఎవరూ ఏమీ ముట్టుకోకూడదు.

మా ఆఫీసులో ఏం చేశారో గుర్తుందా? క్లెయిమ్ లేని సంవత్సరమని కేక్ తెప్పించారు.

పెద్దసారు కత్తి ఎస్తేరు చేతికే ఇచ్చాడు. "మీ మోడలే కదండీ, మీరే కోయాలి."

ఆమె కత్తి బల్ల మీద పెట్టేసింది. "వాళ్లింకా ఇళ్లల్లో బురద ఎత్తిపోసుకుంటున్నారు సార్. నేను కొయ్యను."

వేరేవాళ్లు కోశారు. మీరు తిన్నారు.

కింద టీ బండి దగ్గర నేనే అన్నాను, "ఏంది ఎస్తేరూ, గిట్ల కొట్లాడితే నౌకరీ ఉంటదా? ఇంటి కిరాయి ఎవరు కడ్తరు?"

"రోజూ పోస్టుల్లో విప్లవం తెస్తారుగా అన్నయ్యా, ఓ నెల మీరే కట్టండి" అంది.

బీమాయే మోసమని నేననడం లేదు. ఆమె కూడా ఏనాడూ అనలేదు. గీత ఎవరు గీస్తున్నారన్నదే మా గొడవ. ప్రీమియం ఎంతో ముందే రాసుకుని, దానికి సరిపోయేదాకా ఆపదను కత్తిరించుకుంటూ పోయి, దానికి సైన్సని పేరు పెడతారా? "ప్రీమియం కూడా జనం సొమ్మేగా, ఎంతని కడతారు" అంటారు మీరు. ఔను, జనం సొమ్మే. అందుకే ఏం కొంటున్నారో జనానికి తెలియాలి.

వచ్చే వారం ఆ ఒప్పందం తిరిగి రాస్తున్నారు. ఈసారీ అందులో వాన లేదు. చేర్చమని ఎస్తేరు ఒక వినతి రాసి, గ్రూపులో పెట్టి, మనందరినీ సంతకాలు అడిగింది. ఎస్తేరు చివరిదాకా ఆ కంపెనీలోనే ఉంది. మీలో కొందరు ఇంకా అక్కడే ఉన్నారు. కొందరు ఆ ప్రభుత్వానికే సలహాదారులు. ఆ వినతి కింద ఆమె సంతకం, నా సంతకం. అంతే.

పని ఒత్తిడే చంపిందని నేననను. డాక్టరు అనలేదు. ఒంటరిగా పోరాడుతూ పోయిందని మాత్రం అంటాను. కాదనేవాళ్లు నా ముందుకొచ్చి అనండి.

రేపు మియాపూర్‌లో ప్రార్థన, ఆ తర్వాత భూస్థాపన.

పోయిరా చెల్లె. ఇగ నువ్వు ఎవరితోనూ కొట్లాడే పని లేదు. నెమ్మదిగా పడుకో. నీకైనా శాంతి దొరకాలి.

మీకు శాంతి వద్దు. మీరు చేయాల్సినవి ఇవి:

వానను ఒప్పందంలో చేర్చండి.

గీత ఎక్కడుందో, దాటకపోతే ఏమీ రాదని, తీరంలో ఉన్న ప్రతి ఊరికీ ముందే చెప్పండి.

గీత గీసే గదిలో నీళ్లలో మునిగిన ఊరి మనుషులను కూర్చోబెట్టండి.

గీత దాటని తుఫానుకు సాయం కోసం ప్రభుత్వం ఇప్పుడే డబ్బు పక్కన పెట్టాలి.

ఆ వినతి మీద సంతకం చేయండి. ఈ రోజే.

వచ్చే వారం సమావేశంలో ఎస్తేరు కుర్చీ ఖాళీగా ఉంటుంది. మీలో ఒకరు వెళ్లి అందులో కూర్చుని నోరు విప్పండి.