అమ్మమ్మ సముద్రాన్ని రుచి చూసిన రోజు

అమ్మమ్మ బాప్తిస్మం తీసుకోకపోవడానికి కారణం సముద్రం. వినేవాళ్ళకు వింతగా ఉంటుంది గాని, మా ఇంట్లో అది చాలా పెద్ద సంగతి.

ఆవిడ పుట్టిందీ, కాపురం చేసిందీ కొల్లేటి లంకలో. తాతయ్య తాటి దోనె మీద తిరిగి చేపలు పట్టేవారు. ఏలూరు మిషను బడిలో చదువుకుంటూ అమ్మ ప్రభువును నమ్ముకుంది, తర్వాత నాన్నగారిని పెళ్ళి చేసుకుంది. నాన్నగారు తాడేపల్లిగూడెంలో బడి పంతులు. ఆదివారాలు సంఘంలో వాక్యం చెప్పేవారు. తాతయ్య పోయాక అమ్మమ్మ మా ఇంటికి వచ్చేసింది. మాతోపాటు ఆరాధనకు వచ్చేది, పాటలకు గొంతు కలిపేది, ప్రార్థనలో అందరికన్నా ముందు మోకరించేది. కానీ లోకాంతం తర్వాత దేవుడు చేసే కొత్త భూమి మీద సముద్రం ఉండదని నాన్నగారు ఒక ఆదివారం చెప్పినప్పటి నుంచి, బాప్తిస్మం మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేది.

"నీళ్ళు లేని చోట నేనేం చేసుకోను? మీ నాన్నగారిని అడగవే" అనేది నాతో.

అల్లుడితో నేరుగా మాట్లాడే అలవాటు ఆవిడకు లేదు. ఆయన ఎదురుగా కూర్చున్నా సరే, ప్రశ్న నా ద్వారానే వెళ్ళాలి, జవాబు నా ద్వారానే రావాలి.

"కొల్లేరు సముద్రం కాదమ్మా, మంచినీళ్ళ సరస్సు అని చెప్పు అమ్మమ్మగారికి."

"అవతలి గట్టు కనపడని నీళ్ళకి ఏ పేరైతే ఏంటంట?"

నాకూ ఒక సందేహం ఉండేది. "యేసుప్రభువు నడిచిన గలిలయలో ఉన్నవి మంచినీళ్ళే అన్నారు గదండీ నాన్నగారూ. మరి దాన్ని సముద్రం అనే అంటారేంటండీ?" అన్నాను. నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ సెలవుల్లో మీ ఇద్దరికీ సముద్రం చూపించేస్తాను" అన్నారు.

బాప్తిస్మం తీసుకోనివాళ్ళు పరలోకానికి రారని అనుకునేదాన్ని. అమ్మమ్మ లేకుండా పరలోకం ఎలా ఉంటుందో నాకు ఊహకు అందేది కాదు. ఆ దిగులుతోనే రైలెక్కాను.

క్రిస్మస్ పండుగ అయ్యాక నిడదవోలులో బండి మారి నరసాపురంలో పెదనాన్నగారింటికి చేరాం. మర్నాడు పెందలాడే ఎడ్లబండి కట్టించారు. అమ్మ పులిహోర, అరిసెలు, మంచినీళ్ళ కూజా సర్దింది. అమ్మమ్మ కూజా దింపేసింది.

"అంత నీళ్ళ దగ్గరికి వెళ్తూ కూజా ఏంటే, నవ్విపోతారు!"

తాటితోపు దాటుతుండగా హోరు వినపడింది. "ఇక్కడికి కూడా రైలుందా?" అంది అమ్మమ్మ. తోపు దాటాక సముద్రం కనపడింది. బండి దిగి, తడి ఇసుకలో నిలబడిపోయింది. కొల్లేట్లో గాలి వీస్తేనే అల లేస్తుంది. ఆ పొద్దున ఆకు కదలడం లేదు.

"గాలి లేదు గదే. మరి వీటిని ఎవరు తోస్తున్నారు?"

ఇద్దరం కూర్చుని చూస్తూ ఉండిపోయాం. అమ్మ చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని అలల్లో చిన్నపిల్లలా గెంతింది. నాన్నగారు ఉత్తరీయం పరుచుకుని ఎండలో పడుకున్నారు. ఎర్రపీతలు మా అలికిడికి బొరియల్లో దూరి, మళ్ళీ కళ్ళు మాత్రం బయటపెట్టి చూసేవి. ఆ రోజంతా మాకు వేరే పనే లేదు.

పులిహోర తిన్నాక దాహం వేసింది. అమ్మమ్మ దోసిలి ముంచి తాగబోయి, అంతా ఉమ్మేసింది.

"కూజా దింపేశావుగా, తాగు మరి!" అంది అమ్మ నవ్వుతూ.

"ఛీ, ఇందులో చేపలెలా బతుకుతున్నాయే!"

అక్కడ చేపలు ఎండబెడుతున్న ఒకావిడ, "మంచినీళ్ళా? రండమ్మా" అని తాటిచెట్ల వెనక్కి తీసుకెళ్ళింది. ఇసుకలో తవ్విన చెలమ అది. నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. అమ్మమ్మ తాగింది. లేచి అలల దగ్గరకు వెళ్ళి నాలుక తడిచేసుకుంది. మళ్ళీ వచ్చి చెలమ నీళ్ళు తాగింది. ఆ తర్వాత తిన్నగా నాన్నగారి దగ్గరకు నడిచింది.

"ఏవండీ అల్లుడుగారూ, ఇదేనా పోయేది?"

నాన్నగారు ఉలిక్కిపడి లేచారు. నాకోసం అటూఇటూ చూశారు. "ఇ... ఇదేనండి, అత్తయ్యగారూ."

"తియ్యనీళ్ళు పోవు గదా?"

"పోవండి. అక్కడ జీవజలాల నది ఉంటుంది."

"అందులో చేపలుంటాయా?"

"పూర్వం ఒక ప్రవక్తకు దేవుడు ఒక నదిని చూపించాడండి. అది వెళ్ళి కలిసిన చోట ఉప్పునీళ్ళు కూడా తియ్యగా మారాయట. చేపలు బోలెడట. ఒడ్డున జాలరులు వలలు ఆరేసుకుంటారట."

"వలలే!" అమ్మమ్మ ఇసుకలో చతికిలబడింది. "ఇన్నాళ్ళూ ఈ ముక్క చెప్పలేదేమండీ?"

"మీ మనవరాలు ఆ ప్రశ్న తేలేదండి."

"ఆ నదీ, మీరు చెప్పే పరలోకపు నదీ ఒకటేనా?"

నాన్నగారు ఉత్తరీయానికి అంటిన ఇసుక దులిపారు. "అది నాకు తెలీదండి."

వాక్యం గురించి ఆయన ఆ మాట అనగా నేను అంతకుముందెప్పుడూ వినలేదు. అమ్మమ్మ మొహం విప్పారింది.

"మీకూ తెలీదన్నమాట. అయితే వెళ్ళి చూసుకోవాల్సిందే."

సెలవులయ్యాక ఒక ఆదివారం, తాడేపల్లిగూడెం కాలవలో ఆవిడకు బాప్తిస్మం జరిగింది. సంఘమంతా గట్టున పాడుతోంది. "భయపడకండి, ఊపిరి బిగపట్టండి చాలు" అన్నారు పాస్టరుగారు. అమ్మమ్మ మునిగింది. పైకి రాలేదు. పాట ఆగిపోయింది. ఆయన కంగారుగా భుజాలు పట్టి లేపారు.

"అంత తొందరేంటండీ?" అంది అమ్మమ్మ, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా. "నీళ్ళలో పెరిగినదాన్నండి నేను."

గట్టు మీద తల తుడుస్తూ, లోపల ఏం కనపడిందని అడిగాను.

"ఏమీ లేదే, అంతా బురద నీళ్ళు. అందుకే ఇంకాస్సేపు చూద్దామనుకున్నాను."