నా బిడ్డ ఫోన్ వెనక్కి ఎందుకు తిప్పేది

నా భర్త సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. ఆ మరమగ్గాల పని సరిగా దొరకని కాలం వచ్చేసరికి సౌదీ వెళ్లాడు. అప్పటికి పాప నా కడుపులోనే ఉంది. నేను కోరుట్లలో మా అమ్మ దగ్గర ఉండిపోయి, బీడీలు చేస్తూ పాపను పెంచాను. పాపకు తండ్రి అంటే ఫోన్‌లో కనిపించే మనిషి.

బీడీల పనిలో ఒళ్లో చాట, చేతుల నిండా తంబాకు. పాప సతాయిస్తే ఫోన్‌లో కుందేలు బొమ్మల వీడియో పెట్టి ఇచ్చేదాన్ని. మాటలు వచ్చేసరికి ఆ కుందేలు దానికి ఇంటి మనిషైపోయింది. కుందేలు చెయ్యి ఊపితే ఇదీ ఊపేది. "నీకు ఏ పండు ఇష్టం?" అని కుందేలు అడిగి ఆగితే, "జాంపండు!" అని వాకిట్లోకి వినపడేలా అరిచేది. కుందేలు గుంటలో జారిపడితే దీని కళ్లలో నీళ్లు.

ఆయనకు శుక్రవారం సెలవు. మధ్యాహ్నం వీడియో కాల్ చేసేవాడు.

"బిడ్డా, ఒక్కసారి డాడీ అను. నేనెవర్ని? చెప్పు."

పాప ఒక్క క్షణం చూసి, ఫోన్ లాక్కుని వెనక్కి తిప్పేది. అక్కడ ఆయనకు మా ఇంటి గోడో, పైన రేకులో కనిపించేవి. రెండుమూడు సార్లు అటూ ఇటూ తిప్పి, ఫోన్‌ను చాప మీద పడేసి పోయేది.

ఒక శుక్రవారం ఆయన గడ్డం గీసుకుని, కొత్త అంగీ వేసుకుని కూర్చున్నాడు. పాప ఎప్పటిలాగే ఫోన్ తిప్పి చూసి, "కుందేలు పెట్టు" అని ఏడుపు మొదలుపెట్టింది. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

"గా కుందేలు మీదున్నంత పాయిరం నా మీద లేదు," అన్నాడు.

"చిన్న పిల్ల. దానికేం ఎర్క?"

"కుందేలు ఎర్కనే గదా."

ఆ తర్వాత కొన్నాళ్లు నాతో మాట్లాడి పెట్టేసేవాడు. పాపను చూపించమని అడగలేదు.

ఆ రోజుల్లోనే పాపకు దగ్గు తగ్గకపోతే జగిత్యాలలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె మందులు రాస్తుంటే ఆపుకోలేక అడిగేశాను. "మేడం, బొమ్మను చూసి ఏడుస్తది, నవ్వుతది. కన్నతండ్రిని చూస్తే మాత్రం ఉలుకుండదు, పలుకుండదు. దీని మనసు గిట్లెందుకైంది?"

ఆమె కలం పక్కన పెట్టింది. "బొమ్మకు కండ్లు, మూతి పెద్దగ గీస్తరమ్మా. సంతోషమో ఏడుపో ఇట్టే తెలుస్తది. రోజూ అదే మాట, అదే పాట. చిన్నపిల్లల మెదడుకు అది అల్కగ అందుతది. నిజం మనిషి ముఖం గట్ల కాదు, ఘడియకో తీరు మారుతది. పైగా ఫోన్‌ల మాట నడుమనే ఆగుతది, చూపు చూపుకు కలవదు." ఒక్క నిమిషం ఆలోచించి అడిగింది. "కుందేలును చూసేటప్పుడు గూడ ఫోన్ వెనక్కి తిప్పుతదా?"

గుర్తు చేసుకున్నాను. ఒక్కసారి కూడా తిప్పలేదు.

"అయితే కుందేలు ఫోన్‌లనే ఉంటదని దానికి సమజైంది. డాడీ గట్ల కాదని గూడ సమజైనట్టుంది. ముఖమే కనిపిస్తది గదా, మిగిలిన మనిషి ఎటు పోయిండని ఫోన్ వెనక దేవులాడుతుందేమో."

బస్టాండులో కోరుట్ల బస్సు కోసం నిలబడి ఉండగానే ఆయనకు ఫోన్ చేశాను. పనిలో ఉన్నా ఎత్తాడు. డాక్టరమ్మ అన్నదంతా చెప్పాను.

"నన్ను దేవులాడుతుందా?" అన్నాడు. "మల్లొకసారి చెప్పు."

మళ్లీ చెప్పాను.

ఆ శుక్రవారం నుంచి ఆయన ప్రశ్నలు మానేశాడు. ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి అన్నం తినేవాడు. ఇక్కడ పాప ముందూ పళ్లెం పెట్టేదాన్ని. ఆయన పచ్చిమిర్చి కొరికి "హా... హా" అంటే పాప పడీపడీ నవ్వేది. ఒకరోజు పప్పన్నం ముద్ద తీసుకెళ్లి తెర మీద ఆయన నోటికి అద్దింది. "ఫోన్ ఖరాబైతది!" అని మా అమ్మ అరిచింది.

"కానియ్యి అత్తమ్మా," అన్నాడు అవతలి నుంచి, నోరు తెరుచుకునే.

ఎండాకాలంలో ఆయన సెలవు మీద వచ్చాడు. వాకిట్లో సంచులు దించగానే పాప మా అమ్మ కొంగు చాటుకు పోయింది. "డాడీ వచ్చిండు, పో!" అని వాడకట్టు వాళ్లంతా తోస్తుంటే ఆయనే వద్దన్నాడు. కాళ్లు కడుక్కుని దూరంగా కూర్చున్నాడు. ఆ రోజంతా పాప తలుపు వెనక నుంచి చూసింది. దగ్గరికి పోలేదు. నేను భయపడ్డాను గానీ ఆయన పడలేదు.

మర్నాడు పొద్దున నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పింది. "అమ్మా, డాడీ ఇంత పెద్దగున్నడు."

సాయంత్రానికి ఆయన భుజం ఎక్కింది. కిరాణా దుకాణం దాకా వెళ్లి వచ్చారు. దారిలో ఎవరు కనపడితే వాళ్లకు, అడగకపోయినా, అదే మాట చెప్పిందట.