గేటు దగ్గర ఆమె తొందరపడలేదు

గేటు దగ్గర ఆమె తొందరపడుతుందని మా గనుల ఊళ్లో తెలిసినవాళ్లు ఇప్పటికీ అంటారు. ఆ మాట పుట్టించింది నేనే. అది తప్పు.

ఆమె మా గనిలో బొగ్గు లారీలను తూచే కాంటా దగ్గర పనిచేస్తుంది. నేను అక్కడే పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ లారీ నడుపుతాను. ఆదివారాలు గోదావరిలో బ్యారేజీ వెనక నిలిచిన నీటి మీద ఆమె స్లాలం స్కీయింగ్ చేసేది, అంటే పడవ తాడుతో లాగుతుంటే పలక మీద నిలబడి తేలే బంతుల చుట్టూ మెలికలు తిరుగుతూ జారేది. ఆమెను లాగే మోటారు పడవ నేను నడిపేవాణ్ణి. డంపర్ నడిపేవాడికి పడవ ఒక లెక్కా అని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

స్లాలంలో మొదట రెండు ఎర్ర బంతుల మధ్య నుంచి వెళ్లాలి. అదే గేటు. పడవ వాటి నడుమ నుంచి సూటిగా పోతుంది. వెనక తాడు పట్టుకున్న మనిషి ముందే ఎడమకు జరిగి, కాసేపు అలా జారి, సరైన క్షణంలో కుడికి తిరిగి గేటును ఏటవాలుగా దాటాలి. ముందే తిరిగితే కుడి బంతికి అవతల పడతారు. ఆలస్యంగా తిరిగితే ఎడమ బంతికి బయటే ఉండిపోతారు.

ఆమె ఎప్పుడూ కుడి బంతి అవతలే తేలేది.

“నీకు జల్ది ఎక్కువ చెల్లె. ఇంకింత ఆగి తిరుగు” అనేవాణ్ణి.

“ఆగుతనే ఉన్న గదన్నా. రిటైరైందాక ఆగాల్నా?”

అయినా ఆగడం నేర్చుకుంది. గేటు దొరకసాగింది. హైదరాబాద్‌లో రాష్ట్ర జట్టు ఎంపికకు వెళ్లింది. అక్కడ పడవ వేరేవాళ్లు నడిపారు. ఆమె మూడుసార్లూ ఎడమ బంతికి బయట నుంచే పోయింది. భయపడి ఉంటుందని నేను అందరికీ చెప్పాను. ఆమె స్కీయింగ్ మానేసింది.

కొన్ని నెలల తర్వాత, మా ఆదివారాల్లో మిత్రుడొకడు ఒడ్డు నుంచి తీసిన వీడియో చూశాను. అంతకుముందు మేమందరం ఆమెనే చూసేవాళ్లం, పడవను ఎవరూ చూడలేదు. వీడియోలో గేటు దగ్గరికి రాగానే పడవ మెల్లగా కుడికి జరుగుతోంది. గని రోడ్డుకు ఎడమ అంచున మట్టికట్ట ఉంటుంది. దానికి దూరంగా పోవడం ఇరవై ఏళ్లుగా నా చేతుల పని. ఎడమ బంతిని చూసినా చేతులు అదే చేశాయి. పడవతో పాటు ఆమె కూడా కుడికి పోయింది. హైదరాబాద్‌లో పడవ సూటిగా పోయేసరికి, నేను నేర్పిన ఆగడమే ఆమెను ఎడమకు తప్పించింది.

రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల కాంటా దగ్గర ఆమెకు చెప్పాను.

“ఎన్నడు ఎరికైంది?”

“రెండేండ్లాయె.”

“రెండేండ్లు నోట్లె ఏం పెట్టుకున్నవన్నా?”

ఆమె ఒక లారీని పంపించి వచ్చింది.

“ఆయితారం పడవ తియ్యి. ఈసారన్న సక్కగ తోలు. ఆగు గీగు అనకు.”

సూటిగానే నడిపాను. ఎనిమిదిసార్లలో ఆరుసార్లు ఆమె ఎడమకే తప్పింది. నేను నేర్పిన ఆలస్యం ఆమె కాళ్లలో ఇంకా ఉంది. ఈసారి ఎంపిక ఫారం నింపుతుందో లేదో చెప్పలేదు. వచ్చే ఆదివారం కూడా పడవ తియ్యమంది.