మైకుగారి అరనిమిషం

మైకుగారికి ఆ పేరు పెట్టింది కన్నవాళ్లు కాదు, ఊరి జనం. చిన్న వ్యాను నెత్తిన రెండు లౌడ్‌స్పీకర్లు కట్టుకుని, సర్కసు వచ్చిందనీ, చెప్పుల దుకాణంలో ధరలు తగ్గాయనీ, రేపు నీళ్లు రావనీ వీధివీధికీ చాటడం ఆయన వృత్తి. మంచికీ చెడ్డకీ ఆయన దగ్గర ఒకటే గాంభీర్యం ఉండేది. నీళ్లు రావని ఆయన చెబితే యుద్ధం ప్రకటించినట్టు ఉండేది. కొందరు తల్లులు బకెట్ల కంటే ముందు పిల్లల్ని లోపలికి తెచ్చుకునేవారు.

ఆ వృత్తికి ఒక శాస్త్రం ఉంది. బండి కదులుతూ ఉంటుంది గనక ఈ గుమ్మం వాళ్లకి మాట మొదలు, ఆ గుమ్మం వాళ్లకి చివర మాత్రమే అందుతాయి. అందుకని ఏ ముక్కయినా మూడుసార్లు చెప్పాలి. ఈ శాస్త్రాన్ని ఆయన ఇంట్లోనూ పాటించారు. భోజనం దగ్గర ఉప్పు మూడుసార్లు అడిగేవారు. భార్య మూడోసారికి గానీ లేచేది కాదు.

కాలక్రమంలో దుకాణాలవాళ్లు తమ ప్రకటనలను ఫోన్లలోకి తరలించారు. వ్యాను అమ్ముడుపోయింది. అంత గొంతూ పేపరు చదువుకోవడానికీ, కుక్కర్ కూత పెట్టిందని భార్యకి చెప్పడానికీ మిగిలింది.

ఆయన వృత్తిని మింగేసిన ఆ ఫోను ప్రకటనల వ్యాపారం చేస్తున్నది సాక్షాత్తూ ఆయన కోడలే. ముందుగదిలో ఒక స్టాండు, ఒక లైటు, గోడకి వేలాడదీసిన తెల్ల దుప్పటి, వీటినే కలిపి స్టూడియో అంటారు. దుకాణాలవాళ్ల కోసం ఆమె అరనిమిషం వీడియో చేసి, జనం బొటనవేలితో తోసుకుంటూ చూసే రీల్స్ మధ్యలో అది కనబడేలా డబ్బు కట్టి వదులుతుంది. మాటలు కంప్యూటరు గొంతు చెబుతుంది.

ఆ గొంతు కొత్తగా వీడియో చేయించుకోవడానికి వచ్చిన లాండ్రీ యజమానురాలికి నచ్చలేదు.

"వద్దమ్మాయ్. నేను ఉతికే రగ్గుల గురించి చెబుతుంటే రైలు ఆలస్యంగా వస్తోందని చెప్పినట్టుంది. కాస్త ప్రాణమున్న గొంతు లేదా?"

కోడలి చూపు పేపరు వెనకున్న మామగారి మీదకి వెళ్లింది.

"మావయ్యా, ఓసారి చదివిపెడతారా? మూడుసార్లు కాదు, ఒక్కసారే."

"ఒక్కసారి చెబితే ఎవరికి తెలుస్తుందమ్మా?"

"బండి కదలదు మావయ్యా. కావాలంటే వాళ్లే మళ్లీ చూస్తారు."

మైకుగారు లేచి, చొక్కా మార్చుకుని (వీడియోలో ఆయన కనబడరు), దుప్పటికి ఎదురుగా నిలబడి, "మహాజనులారా!" అన్నారు.

"అది తీసెయ్యండి మావయ్యా. మొదటి మూడు సెకన్లలో పట్టుకోకపోతే తోసేస్తారు. మీరు 'మహాజనులారా' అనేలోపు జనమే మిగలరు."

చదివాక కోడలు షరతు చెప్పింది. "ఇది చూసి లాండ్రీకి బేరాలొస్తే ఇకమీదట అన్నిటికీ మీ గొంతే. రాకపోతే మళ్లీ కంప్యూటరే. తర్వాత నన్ను అనకూడదు."

మైకుగారు గొంతు సవరించుకున్నారు. ఒప్పందం కుదిరినట్టే.

ప్రకటన వెళ్లిన రోజే అద్భుతం జరిగింది. కింద ఉన్న 'సందేశం పంపండి' మీట జనం తెగ నొక్కారు. కోడలు ఆ లెక్క చూసి మురిసిపోతుండగా లాండ్రీ నుంచి ఫోను.

"అమ్మాయ్, నా ఫోను మోగిమోగి ఇస్త్రీపెట్టె అయింది. ఒక్క రగ్గు రాలేదు. ఎవరో 'బావ కులాసాయేనా' అని అడుగుతున్నారు. ఎవరమ్మా ఆ బావ?"

సందేశాలు తెరిచి చూస్తే వంశవృక్షం మొత్తం అందులో ఉంది. "పెదనాన్నా, అదరగొట్టావ్!" "అన్నయ్య గొంతు విని ఏడుపొచ్చింది. మేం బట్టలు ఇంట్లోనే ఉతుక్కుంటాం." మైకుగారి తోడల్లుడు క్లుప్తంగా, "బావుంది. జలుబా?" అని రాశాడు.

మైకుగారి భార్య తలదించుకుంది. ప్రకటన లింకు చుట్టాల గ్రూపులో పెట్టి, "మీ అభిమానం మీట నొక్కి చూపించండి" అని పిలుపునిచ్చింది ఆవిడే.

"అభిమానమేగా చూపించారు, దానికేమైంది?" అన్నారు మైకుగారు.

"ఎవరు మీట నొక్కితే అలాంటివాళ్లనే వెతికి వాళ్లకి ప్రకటన చూపిస్తుంది మావయ్యా ఈ ఫోను. మనవాళ్లు నొక్కారు కదా, ఇప్పుడు చుట్టాల కోసమే వెతుకుతోంది. మీ చెల్లెలి వియ్యపురాలి దాకా వెళ్లింది."

"ఆవిడా! ఆవిడ మనతో మాటలు మానేసిందిగా?"

"మనతో మానేసింది. లాండ్రీతో మాట్లాడింది."

ఆ ప్రకటన ఆపేసి, అదే వీడియోతో కొత్తది మొదలుపెట్టాలని, ఈసారి బంధువులెవరూ దాన్ని ముట్టుకోకూడదని నిర్ణయమైంది. ఆ మాట వాళ్లకి చెప్పే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వచ్చింది.

"నేను చెప్పనండీ," అంది భార్య. "చూడమన్న నోటితోనే చూడొద్దని ఎలా చెప్పను?"

జీవితమంతా వినండి వినండి అని చాటిన మనిషి, వినకండి బాబూ అని ఫోనులో ఇంటింటినీ బతిమాలుకోవలసి వచ్చింది. పైగా ఒక్కొక్కరికీ మూడుసార్లు చెప్పారు. మొదటిసారికి అర్థం చేసుకున్నవాళ్లు కూడా మూడోసారికి నొచ్చుకున్నారు.

"నీ గొంతు నేను వినకూడదా అన్నయ్యా? మరి వదిన వింటోందా?" అంది చెల్లెలు.

"లేదే."

"ఒకే ఇంట్లో ఉండి కూడానా! నాకు చెప్పకు."

తోడల్లుడి దగ్గర వ్యవహారం మరింత ముదిరింది. "జలుబా అన్నాననేగా ఇదంతా?"

"కాదన్నయ్యా, లాండ్రీకి బేరాల కోసం..."

"సరే, వినను. ఇకమీదట భోజనానికి పిలిచినా వినను."

ఆ విధంగా శ్రోతలందరినీ పోగొట్టుకున్న మైకుగారు, కొత్త ప్రకటన వెళ్లిన మర్నాడు పొద్దున్నే లాండ్రీకి వెళ్లి గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నారు.

"అన్నయ్యగారూ, ఆ మొహం పెట్టుకుని మీరక్కడ కూర్చుంటే ఇంట్లో ఎవరో పోయారనుకుని జనం వెళ్లిపోతారు. కాస్త లోపలికి జరగండి," అంది యజమానురాలు.

ఆయన ఇస్త్రీబల్ల పక్కకి జరిగారు. కాసేపటికి తన కంటే పెద్ద మూట ఒకటి మోసుకుంటూ ఒకావిడ లోపలికొచ్చింది.

"ఫోన్లో వీడియో చూసి వచ్చానండీ. మా హాస్టల్ కర్టెన్లు ఇవి. నచ్చితే దుప్పట్లు వారం వారం మీకే వేస్తాం."

ఆవిడ చుట్టం కాదు. మైకుగారు ఎందుకైనా మంచిదని రెండుసార్లు చూసి నిర్ధారించుకున్నారు. తర్వాత లేచి నిలబడి, "అందులో గొంతు ఎలా ఉందమ్మా?" అని అడిగారు.

"ఏ గొంతండీ?"

"వీడియోలో చెప్పిన ఆయనది."

"ఏమోనండీ. బస్సులో ఉన్నానని శబ్దం పెట్టలేదు. కింద అక్షరాలు వస్తున్నాయిగా, చదువుకున్నా."

లాండ్రీ యజమానురాలు అకస్మాత్తుగా ఒక కర్టెను మీది మరకని మహా శ్రద్ధగా పరిశీలించసాగింది. తర్వాత కోటు తెచ్చినాయన ఆఫీసులో మేనేజరుకి వినబడకుండా చూశానన్నాడు. రగ్గు తెచ్చినావిడ పసిపిల్ల నిద్రపోతుంటే చూశానంది. మైకుగారు ఇక ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి కోడలు గుమ్మంలోనే ఎదురైంది. "గెలిచాం మావయ్యా! లాండ్రీ ఆవిడ ఇంకో వీడియో చెయ్యమంది. రేపు పరుపుల దుకాణానికి కూడా మీరే చదవాలి."

తను నిజం చెప్పకపోతే ఆ అమ్మాయికి తెలిసే అవకాశమే లేదని ఆయన అనుకున్నారు. మైకుగారిని ఇబ్బంది పెట్టింది కూడా అదే. ఆయన కాళ్లు కడుక్కున్నారు, కుర్చీలో కూర్చున్నారు, నీళ్లు తాగారు.

"వాళ్లెవరూ వినలేదమ్మా. చదివారు."

"తెలుసు మావయ్యా. చాలామంది అంతే."

"తెలిసి కూడా నా గొంతెందుకు మరి?"

"మీరు ఊపిరి పీల్చుకున్న చోటల్లా తెర మీద అక్షరాల ముక్క మారుస్తున్నా. చదివేవాళ్లకి ఆయాసం రావట్లేదు. కంప్యూటరు ఊపిరి పీల్చదుగా, దాని గొంతుతో చేస్తే ఎక్కడ విరవాలో నాకు తెలిసేది కాదు."

మైకుగారు కుర్చీలోంచి లేచి గొంతు సవరించుకున్నారు. అది విని లోపల భార్య అలవాటు కొద్దీ మూడో పిలుపు కోసం ఎదురుచూసింది గానీ, ఆయన ఒకే ఒక్కసారి మాట్లాడారు, అదీ కోడలితో.

"అయితే ఆ అక్షరాలు ఇంకాస్త పెద్దవి వెయ్యమ్మా. వెనకున్నవాళ్లక్కూడా వినపడాలి."