ఓడంతా తేజ ఘాటు

ప్రత్తిపాడు కొండమ్మ కొడుకు ప్రసన్నకుమార్ యుద్ధనౌక ఎక్కాడంటే, పేటలో అందరూ వాడు ఫిరంగి పక్కన నిలబడి ఉంటాడనుకున్నారు. నిజానికి వాడు నిలబడేది చపాతీల పెనం పక్కన. నేవీలో వాడిది వంటవాళ్ళ విభాగం. కొండమ్మకు ఆ సంగతి తెలుసు. అయినా చర్చిలో ఎవరైనా "మీవాడిది ఏం పనక్కా?" అంటే, "అందర్నీ బతికించే పని" అనేసి ఊరుకునేది. అందులో అబద్ధమేమీ లేదు కదా.

విశాఖ రేవులో కట్టేసి ఉన్న ఆ ఓడ వారం తిరిగేలోగా దూరదేశాలకు బయలుదేరాలి. మళ్ళీ ఈ రేవుకు చేరేసరికి నెలలు పడతాయి. అందుకని సీజన్లో గుంటూరు మిర్చియార్డు ఎలా ఉంటుందో ఓడ అలా ఉంది. ఒడ్డు మీదనుంచి ఓడ అడుగున ఉన్న సరుకుల గదిదాకా మనుషులు వరసగా నిలబడి, పప్పు బస్తాలు, నూనె డబ్బాలు, ఉల్లిపాయల గోనెలు చేతులు మార్చుకుంటున్నారు. ఇంకో పక్క తుప్పు గీకేవాళ్ళు, రంగు వేసేవాళ్ళు.

ప్రసన్నకుమార్ పడక మూడంతస్తుల మంచంలో అన్నిటికంటే పైది. తెల్లవారకముందే మైకులో ఈల మోగేది. వాడు దిగ్గున లేచేవాడు, తల నెత్తిమీది పైపుకు ఠంగుమని తగిలేది. దేవునికి స్తోత్రం చెప్పబోయి ఇంకేదో అనేవాడు. కింది మంచంలోంచి సుభానీ, "పొద్దున్నే గంట కొట్టావా? సరే, ఇంక లేస్తాం" అనేవాడు. సుభానీది ఒంగోలు. ఓడలో నిప్పంటుకున్నా నీళ్ళొచ్చినా ముందు పరిగెత్తాల్సిన జట్టులో పని. ఓడలో మాటంతా హిందీలోనే జరుగుతుంది. వీళ్ళిద్దరూ కలిస్తే మాత్రం అది గుంటూరు బస్టాండే.

అన్నం, పప్పు, పులుసు అంటే ప్రసన్నకుమార్‌కు చెయ్యి తిరిగింది. చిక్కంతా చపాతీతోనే వచ్చింది. ఎంత ఒత్తినా గుండ్రంగా వచ్చేది కాదు.

"ఇదేంట్రా! నిన్న ప్రకాశం జిల్లా చేశావు, ఇవాళ గుంటూరు జిల్లా. రేపు నెల్లూరు కూడా చెయ్యి, కోస్తా మొత్తం తినేస్తాం" అన్నాడు సుభానీ, చపాతీని వెలుతురుకు పట్టి చూస్తూ.

"తినేటప్పుడు ఎట్టాగూ ముక్కలు చేస్తావు గదరా, గుండ్రమెందుకు నీకు?"

ఈ మాట వంటశాల పెద్ద హయాత్ గారి చెవిన పడింది. లక్నో వైపు మనిషి ఆయన, అయినా విశాఖలో ఉండి ఉండి తెలుగు అర్థమవుతుంది. కోపమొస్తే గొంతు పెంచడు, తగ్గిస్తాడు. అందుకే అందరికీ భయం.

"బేటా, ఓడ కదిలేలోగా నీ చేతికి పని రాకపోతే నిన్ను ఒడ్డున దించేసి ఇంకొకణ్ణి అడుగుతాను. సముద్రం మీద పాఠాలు చెప్పే తీరిక నాకు ఉండదు" అన్నాడు మెల్లగా.

ఆ రోజునుంచి ప్రసన్నకుమార్‌కు అదే బెంగ. వాడు దిగిన సముద్రమంతా సూర్యలంక బీచిలో మోకాళ్ళ లోతు. దాని అవతల ఏముందో చూడాలని చిన్నప్పటినుంచీ వాడి కోరిక. పైగా, సెలవులో ఊరికి వెళ్ళినప్పుడు పాస్టరుగారు వాణ్ణి ముందుకు పిలిచి, తలమీద చెయ్యిపెట్టి, సముద్ర ప్రయాణం క్షేమంగా జరగాలని ప్రార్థన చేసేశారు. ఇప్పుడు ఒడ్డున దించేస్తే ఆ చర్చిలో ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?

మధ్యాహ్నం తల్లికి ఫోన్ చేశాడు. ఆమె మిరపచేలో కోతకు వెళ్ళి, గట్టు మీద అన్నం తింటోంది.

"ఏం నాయనా, ఓడ కదిలిందా?"

"కదిలితే ఫోనెట్టా చేస్తానమ్మా?"

"ఏమో మరి. మన సూర్యలంక మీదగా వస్తే చెప్పు, ఆటో మాట్లాడుకుని అందరం వచ్చి చెయ్యూపుతాం."

"అమ్మా, ఒకవేళ నన్ను తీసుకెళ్ళకపోతే?"

"ఎందుకు తీసుకెళ్ళరు? పాస్టరుగారు ప్రార్థన చేశారుగా! దాన్ని మళ్ళీ వెనక్కి తీసుకోమంటావా ఆయన్ని?"

వాడు ఫోన్ పెట్టేసి మళ్ళీ చపాతీ పిండి ముందుకు వెళ్ళాడు.

మర్నాడు హయాత్ గారే కాస్త మెత్తబడ్డాడు. "చపాతీ సంగతి అలా ఉంచు. రేపు మధ్యాహ్నం ఒక వంటకం నీ ఇష్టం. జనం మళ్ళీ అడిగి వేయించుకుంటే వస్తావు. లేకపోతే లేదు."

ప్రసన్నకుమార్ ఆలోచించలేదు. గోంగూర పచ్చడి అన్నాడు. తల్లి సంచిలో కట్టి ఇచ్చిన తేజ రకం ఎండుమిరపకాయలు వాడి అలమరలో ఉన్నాయి. సన్నగా, చూడ్డానికి అమాయకంగా ఉండి, నోట్లో పడ్డాక అసలు రూపం చూపించే రకం. మర్నాడు పెద్ద మూకుడులో నూనె కాగింది, వాడు సగం కాయలు దోసిళ్ళతో అందులో పోశాడు. సరిగ్గా అప్పుడే మైకులో గంటలు మోగాయి. విషవాయువు దాడి జరిగిందనుకుని ఓడంతా చేసే కసరత్తు అది. బయటి గాలి రాకుండా అన్నీ మూసేసి, లోపలి గాలినే తిప్పుతారు. అందరూ ముఖం కప్పే మాస్కులు తొడుక్కుని ఎవరి చోటికి వాళ్ళు చేరాలి.

నేర్పినవన్నీ వాడు వరసగా చేశాడు. కరెంటు పొయ్యి ఆపేశాడు. పొగ లాగే ఫ్యాను ఆపేశాడు. మాస్కు పట్టీలు బిగించాడు. తలుపు దగ్గరకు వేసి పరిగెత్తాడు. మూకుడు దించాలని మాత్రం తోచలేదు. ఆపేసినా ఆ ఇనుప పొయ్యికి చాలాసేపు వేడి పోదు.

మొదట నడవాలో ఎవరో తుమ్మారు. తర్వాత రెండు గదుల అవతల దగ్గు. ఆ దగ్గు మెట్లెక్కి పై అంతస్తుకు పోయింది. కసరత్తు ఎలా జరుగుతోందో చూడటానికి మాస్కు లేకుండా తిరుగుతున్న కమాండర్ గారు గోడ పట్టుకుని నిలబడిపోయారు. "నిజం గ్యాసే! నిజం గ్యాసే!" అని ఎవరో అరిచారు.

సుభానీ జట్టు పైపులు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వాడు మాస్కు పట్టీ ఎప్పుడూ వదులుగానే పెడతాడు. ఒక్క పీల్పు పీల్చాడో లేదో కళ్ళనుంచి ధార కట్టింది.

"ఒరేయ్ ప్రసన్నా! ఇది గ్యాసు కాదురా, తేజ!"

మాస్కు గట్టిగా బిగించుకున్న ప్రసన్నకుమార్‌కు మాత్రం ఏ ఘాటూ తెలియలేదు. సుభానీ కేక విన్నాకే మూకుడు గుర్తొచ్చింది.

తలుపులు తెరిచి, గాలి మారాక, అందర్నీ పైన నిలబెట్టారు. కమాండర్ గారి ముక్కు ఎర్రగా కందిపోయింది.

"ఎవరు చేశారిది?"

ప్రసన్నకుమార్ ఒక అడుగు ముందుకేశాడు. "నేనే సార్. మూకుడు దించడం మర్చిపోయాను."

ఆయన వాణ్ణి చూశారు. తర్వాత వరసలో దగ్గుతున్నవాళ్ళను చూశారు.

"మాస్కులుండి కూడా దగ్గినవాళ్ళంతా ఇటు రండి. మీకు పట్టీలు బిగించడం రాదని మిరపకాయ చెప్పింది. సాయంత్రం మళ్ళీ నేర్చుకుంటారు." సుభానీ తలొంచుకుని ముందు నడిచాడు. అప్పుడు కమాండర్ గారు ప్రసన్నకుమార్ వైపు తిరిగారు. "ఇక నువ్వు. నా చేత కన్నీళ్ళు పెట్టించావు. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ ఈ ఓడలో ఉల్లిపాయలన్నీ నువ్వే ఒలవాలి. హయాత్, వీడికి ఎవరూ సాయం చెయ్యకూడదు. అర్థమైందా?"

"అర్థమైంది సార్" అన్నాడు ప్రసన్నకుమార్ దిగులుగా. సగం మెట్లు దిగాక ఆగిపోయాడు. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ అన్నారాయన!

వెనక్కి తిరిగి చూశాడు. హయాత్ గారు మీసంలో నవ్వు దాచుకుంటున్నాడు.

"చూస్తావేం? కమాండర్ సాబ్ శిక్ష వేశాక నిన్ను ఒడ్డున ఎలా దించను? పో, మిగిలిన కాయలతో ఆ పచ్చడి చెయ్యి. ఈసారి ఫ్యాను వేసి."

పచ్చడికి సగంమంది దండం పెట్టి పక్కకు తప్పుకున్నారు. మిగిలిన సగం మళ్ళీ అడిగి వేయించుకున్నారు.

సాయంత్రం కొండమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, వెళ్తున్నాను. ప్రత్యేకంగా పని కూడా ఒప్పజెప్పారు."

"ఏం పని నాయనా?"

"ఉల్లిపాయలు ఒలవడం."

"ఇంట్లో ఉండగా ఏనాడన్నా ఒక్క ఉల్లిపాయ ఒలిచావంట్రా నువ్వు? ఒరే, ఆ కమాండర్ గారెవరో ఆయనకు నా వందనాలు చెప్పు!"

వాడు నవ్వుతూ ఫోన్ పెట్టేసి, ఓడ అడుగున గోనెలున్న గదిలోకి దిగాడు. కింద నుంచి కప్పు దాకా ఉల్లిపాయలే. వాటిని చూసి అంతగా సంతోషించిన మనిషి ఆ ఓడలో అంతకు ముందు ఉండి ఉండడు.