పెండ్లి రంపానికి అవతలి కొస

మా ముందుగదిలో ఒక గోడ దేవుళ్ళది, మిగతా మూడు గోడలు రంపాలవి. ఇంటికొచ్చిన చుట్టాలు ముందు దేవుళ్ళకు మొక్కి, ఆ తర్వాత నెత్తిమీద ఏముందో చూసుకుని మరీ కూర్చునేవారు. మా ఆయనది తలుపులు, కిటికీలు, మంచాలు చేసే పని. మెదక్‌లోకి ప్లాస్టిక్ కుర్చీలు, ఇనుప బీరువాలు, వాటి వెనకే ప్లైవుడ్డు దిగాక ఆ పని సన్నబడింది. పనిలేని రంపాలు ఒక్కొక్కటిగా గోడకెక్కాయి. ఇంకొకరైతే పాతసామాన్ల వాడికి వేసి స్టీలు గిన్నెలు తెచ్చుకునేవారు. ఈయన మాత్రం వాటికి నూనె రాసి, పండ్లకు పదునుపెట్టి, మళ్ళీ మేకుకు తగిలించేవాడు. అవి చాలనట్టు, ఎవరింటి అటకమీదైనా పాత రంపం ఉందని తెలిస్తే అడిగి తెచ్చుకునేవాడు. నాకు ఒక్క చీర కొనడానికి అంత దూరం తిరిగిన మనిషి కాదు.

వాటన్నిటిలో పెద్దది పెండ్లి రంపం. మనిషి నిలువంత పొడవు, రెండు కొసలకూ కర్ర పిడులు. ఇద్దరు లాగితేనే కదులుతుంది, అందుకే ఆ పేరు. మా పెళ్ళికి ముందు దాని అవతలి కొస మా మామ పట్టేవాడట. ఆయనకు ఆయాసం వచ్చేసరికి ఆ కొస పట్టే మనిషి లేకుండా పోయాడు, సరిగ్గా అప్పుడే నేను కోడలిగా వచ్చాను. పెళ్ళిచూపుల్లో పాట పాడమని అడగలేదు, వంట వచ్చా అనీ అడగలేదు. మా అత్త నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. గాజుల సైజు చూస్తోందనుకుని నేను సిగ్గుపడ్డాను కూడా.

ఆ రంపానికి ఒక్కటే నియమం. మొదటిరోజే మా ఆయన చెప్పాడు.

"గుంజాలె. నూకొద్దు. నువ్వు గుంజినప్పుడు నేను ఇడుస్త, నేను గుంజినప్పుడు నువ్వు ఇడువు. నూకినవంటే రంపం వంగుతది."

ఎండాకాలం చివర్లో గాలిదుమారానికి చెట్లు కూలేవి. కౌడిపల్లి నుంచో, అల్లాదుర్గ్ నుంచో కబురొచ్చేది. మేమిద్దరం వెళ్ళి చెట్టును ముక్కలు చేసి దారి చేసేవాళ్ళం, కూలికి బదులు కట్టె తెచ్చుకునేవాళ్ళం. ఆడమనిషి రంపం గుంజుతోందని జనం చుట్టూ చేరి చూసేవారు. చూడనీ అనుకునేదాన్ని. నాకది ఇష్టం. ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకుంటే రెండో మాటకే జగడం. రంపం దగ్గర మాత్రం ఒక్క మాట లేకుండా పొద్దంతా కుదిరేది. నేను గుంజితే ఆయన వదిలేవాడు, ఆయన గుంజితే నేను వదిలేదాన్ని. మా కాపురంలో అంత మర్యాద ఇంకెక్కడా లేదు.

తెలంగాణ కోసం రోజూ ఏదో ఒక బంద్ జరుగుతున్న రోజులవి. నర్సాపూర్ దగ్గర రోడ్డు వెడల్పు చేస్తూ చెట్లు కొడుతుంటే మా ఆయన బస్సులోంచి చూశాడట. ఒక్క మనిషి, చేతిలో పెట్రోలుతో నడిచే చైన్‌సా, మా ఇద్దరికీ పూటంతా పట్టే మాను చాయ్ తాగినంత సేపట్లో రెండైంది. ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవలేదు.

"ఇర్వై రెండు ఇంచులదే, మస్తున్నది! మనం గూడ ఒకటి తెద్దాం."

"గోడమీద జాగ ఏడున్నది? దేవుండ్లను దించుదామా?"

"మజాక్ గాదే. గా మిషను ఒక్కరు పడితె సాలు."

ఆ చివరిమాట దగ్గర నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఒక్కరు చాలట! ఇన్నేళ్ళు అవతలి కొస పట్టినదాన్ని, ఇక పొయ్యి దగ్గర కూర్చోమని చెప్పడానికి ఇంత డొంకతిరుగుడా? నాకు ఒళ్ళు మండింది. మండినా పైకి అనలేదు, చారులో ఉప్పు ఎక్కువైంది.

ఆ మర్నాటి నుంచి మా వీధిలో చెట్లకు కొలతలు మొదలయ్యాయి. చైన్‌సా సైజు అంటే దాని ముందుండే, గొలుసు తిరిగే పట్టీ పొడవు. అది మాను మందం కంటే కొంచెం ఎక్కువ ఉండాలట. అందుకని ఆయన పురికొస పట్టుకుని కనిపించిన వేపకూ, తుమ్మకూ చుట్టి చూసేవాడు. పక్కింటామె తన వాకిట్లో వేపచెట్టు కొట్టేస్తారేమోనని పరేషానై మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, నా చెట్టేం పాపం జేసింది?"

"నీ చెట్టుకేం గాదు తియ్యి. ఆయన దానికి అంగీ కుట్టిస్తడంట."

సికింద్రాబాద్ వెళ్ళి కొనాలని బయలుదేరిన రోజు బంద్. ఆగిపోయాం. ఇంకోరోజు అనుకుంటే రాస్తారోకో. బస్సులు ఆగినప్పుడల్లా ఆయన చెప్పే సైజు మారేది. మొదట ఇరవై రెండు అంగుళాలు. తర్వాత పద్దెనిమిది చాలన్నాడు, పెద్ద మానైతే రెండు వైపుల నుంచి కోయొచ్చట. ఆ తర్వాత పదహారు. పొడుగు పట్టీ ఊరికే బరువట, మొన తగిలితే వెనక్కి ఎగిరి తంతుందట.

"ఇంకో రెండు బందులైతె కూరగాయల కత్తికొస్తరు," అన్నాను.

మామూలుగానైతే ఒకటికి రెండు అనేవాడు. ఆరోజు నేను బిందె ఎత్తుతుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. అంతకుముందు అల్లాదుర్గ్‌లో చింతమాను కోసినప్పుడు కూడా ఏదో తేడా తెలిసింది. నేను వదిలినా రంపం అటువైపు పోలేదు. ఆయనకు సాయంగా నేనే కొంచెం నూకాను. "నూకుతున్నవ్," అన్నాడు. "మీరు గుంజుతలేరు," అన్నాను. ఆయన కండువాతో మొహం తుడుచుకుని అటు తిరిగాడు. మా ఆయన అలిగాడనుకుని నేను దారంతా ఆటపట్టించాను.

చివరికి బస్సులు నడిచిన ఒకరోజు సికింద్రాబాద్‌లో రాణిగంజ్ చేరాం. మిషన్ల దుకాణం. కౌంటరు మీద చైన్‌సాలు పెద్దది నుంచి చిన్నదాకా వరసగా ఉన్నాయి. దుకాణం సేటు పెద్దదాన్ని మా ఆయన ముందు పెట్టాడు. ఈయన చేతులు వెనక్కి కట్టుకుని నా వైపు తిరిగాడు.

"జర లేపి సూడు."

"నేనా? కొనేది మీరు, మోసేది నేనా?"

"లేపరాదూ, ఏం బోతది?"

లేపాను. నడుం దాకా వచ్చింది, అక్కడే ఆగింది. పద్దెనిమిది ఛాతీ దాకా వచ్చింది కానీ ముంజేయి వణికింది. పదహారు లేచింది. ఆయన మిషను వైపు చూడటం లేదు. నా మణికట్టు, మోచెయ్యి, భుజం చూస్తున్నాడు. వెనక పిడి పట్టుకోమన్నాడు. ముందు పిడి పట్టుకోమన్నాడు. కాళ్ళు ఎడంగా పెట్టమన్నాడు. పెళ్ళిచూపుల్లో మా అత్త నా చేతులు తిప్పినట్టే ఉంది వ్యవహారం. జనం మధ్య ఈ వేషాలేమిటని నాకు కోపం ముంచుకొచ్చింది.

సేటు నవ్వాడు. "మేడమ్‌కు ఎందుకు తక్లీఫ్? మీరు పట్టుకోండ్రి సార్."

"కోసేది ఆమెనే," అన్నాడు మా ఆయన.

సేటు నవ్వు ఆగింది. నా చేతుల్లో చైన్‌సా అలాగే ఉంది. ఆయన నా దగ్గరికొచ్చి, దుకాణంలో ఎవరికీ వినబడనట్టు గొంతు తగ్గించాడు.

"నా కుడిభుజం లేస్తలేదే. ఎండాకాలం నుంచి గట్లనే ఉన్నది. దవాఖాన్ల సూపెట్టిన. ఇగ రంపం గుంజొద్దన్నరు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు పెండ్లి రంపాన్ని మల్ల గోడమీదికెల్లి దించవ్. నువ్వు గూడ ఇంట్ల కూసుంటవ్. చెట్లు కోయబోయినప్పుడు నీ మొకం ఎట్ల ఉంటదో నాకెర్కలేదా?"

నాకు ఏడుపొచ్చింది. రాణిగంజ్‌లో, మోటార్ల మధ్య, ముక్కు ఎగబీలుస్తూ నిలబడ్డాను. ఇరవై రెండు నుంచి పదహారుకు దిగివచ్చినన్ని రోజులూ ఈ మనిషి కొలిచింది వీధిలో చెట్లను కాదు. నన్ను. నేను బిందె ఎత్తుతున్నా, బియ్యం మూట జరుపుతున్నా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తుంటే, సాయం చేయరేమని ఎన్నిసార్లు కసిరానో! కన్నీళ్ళు తుడుచుకోవాలన్నా చేతులు ఖాళీ లేవు, మిషను పట్టుకుని ఉన్నాను.

"పద్నాలుగు ఇంచులది గూడ ఉన్నదమ్మా," అన్నాడు సేటు, మెల్లగా.

"వద్దు. గిదే ఇయ్యుండ్రి," అన్నాను.

కొన్నిరోజుల తర్వాత మా చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. తెలంగాణ కోసం రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, అక్కడే వండి, అక్కడే తినడం. అన్నం గుండిగలకు కట్టె చాలలేదు. ఎప్పుడో కూలి కింద తెచ్చి మా వాకిట్లో వేసిన వేపమాను అడిగారు. దొర్లించి తెచ్చి రోడ్డు మీద పెట్టారు. నేను చైన్‌సాతో వచ్చేసరికి పొయ్యిల దగ్గర మనిషి నన్నూ, వెనక ఖాళీ చేతులతో వస్తున్న మా ఆయననూ మార్చి మార్చి చూశాడు.

"వదినా, అన్నకియ్యరాదు?"

"మీ అన్నకు వేరే పని ఉన్నది," అన్నాను.

ఏం పనో నాకూ తెలియదు. మిషను స్టార్టు చేసి పట్టీ ఆనించగానే మాను గిర్రున తిరగబోయింది. ఆపేశాను. మా ఆయన మానుకు ఆ చివరికి వెళ్ళి, కండువా నడుముకు చుట్టుకుని, దాని మీద దర్జాగా కూర్చున్నాడు. మాను కదలకుండా నిలిచింది.

"ఇగ కానియ్యి. నూకొద్దు. దాని బరువుకు అదే దిగుతది."

"ఎర్కనే తియ్యుండ్రి," అన్నాను. "మీరు మీ కొస పట్టుకోండ్రి."