ఎండకు మప్పిన నారు

ఇదివరకు తెల్లవారేసరికి నా చేతులు పొయ్యి దగ్గర ఉండేవి. మా ఆయన మూడు చక్రాల బండి నడిపేవారు. భోజనం డబ్బా సర్ది ఆయన చేతికిచ్చేదాకా నాకు మరో ధ్యాస ఉండేది కాదు. ఆయన పోయాక కూడా ఆ వేళకు మెలకువ వస్తూనే ఉంది, చేతులకే పని లేకపోయింది. కొన్నాళ్లు మంచం మీద కూర్చుని ఎదురు గోడను చూస్తూ గడిపాను. ఇప్పుడు అదే వేళకు మోచేతుల దాకా తడి కొబ్బరిపొట్టులో ఉంటున్నాను. పొట్టులో వానపాముల ఎరువు కలిపి, గుంటలు గుంటలుగా ఉన్న ప్లాస్టిక్ ట్రేలలో నింపుతాను. నన్నీ పనిలోకి లాగింది మా వదిన, అంటే మా ఆయన అక్క. ఇది ఆవిడ కథ.

చుట్టుపక్కల అందరికీ ఆవిడ నారక్క. ఆవిడకన్నా పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు. వాళ్లింటి ముందుగదిలో ఆవిడ భర్త, నేను అన్నయ్య అని పిలిచే ఆయన, బట్టలు కుడతాడు. గుమ్మం దాటి వెనక్కి వెళితే పొడుగాటి దొడ్డి, దాని మీద పచ్చటి షేడ్ నెట్, కింద బల్లల మీద వరసలు వరసలుగా టమాటా, మిరప, వంగ, క్యాబేజీ నారు. పెళ్లైన కొత్తలో పగిలిన తొట్టిలో నాలుగు మిరప గింజలు చల్లి, మొలిచినవి పక్కింటివాళ్లకు పంచిందట. వాళ్లు బాగున్నాయని మళ్లీ అడిగారట. అలా మొదలైన పని. మా ఆయన ఉన్నన్నాళ్లూ ఆ ట్రేలను బండి మీద పొలాలకు చేర్చింది ఆయనే.

ఒక పొద్దున వదిన బకెట్టు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఏం మరదలా, ఆ గోడకి సున్నం వేద్దామనా, అంతలా చూస్తున్నావ్?"

"ఏం లేదు వదినా."

"గోడ ఎక్కడికీ పోదులే, రేపూ చూడొచ్చు. లే, పొట్టు తడపాలి. నా నడుం పట్టేసింది."

ఆవిడ నడుముకు ఏ నొప్పీ లేదని చాలా రోజుల తర్వాత అన్నయ్య చెప్పాడు.

నేర్పడంలో ఆవిడకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. కలిపిన పొట్టును గుప్పిట పట్టి పిండమనేది. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు కారితే సరిపోయినట్టు. ధారగా కారితే తడి ఎక్కువ, గుప్పిట విప్పగానే ముద్ద రాలిపోతే తక్కువ. ఇక విత్తనం. నేను వేలుతో లోతుగా గుచ్చి వేసేసరికి ఒక్క అరుపు అరిచింది.

"పడుకోబెట్టమన్నాను గానీ పాతిపెట్టమన్నానా? గింజ మందానికి రెండింతల లోతు, అంతే. పైన పొట్టు ఇలా పలచగా దులుపు. దుప్పటి కప్పినట్టుండాలి, పరుపు వేసినట్టు కాదు."

విత్తిన ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి ప్లాస్టిక్ పట్టా కప్పుతాం. రోజూ పొద్దున పట్టా ఎత్తి చూడాలి. ఒక్క మొలక తల ఎత్తినా సరే, వెంటనే ట్రేలన్నీ విడదీసి వెలుతురులో పరచాలి. ఒక్కరోజు బద్ధకిస్తే మొలకలు దారాల్లా సాగిపోతాయి. నీళ్లు ఎప్పుడూ పొద్దున్నే పట్టాలి. సాయంత్రం పడితే ఆకు మీద తడి రాత్రంతా ఉండి, కాడ మొదట్లో కుళ్లు పడుతుంది. ఇవన్నీ నాకు మెల్లగా వచ్చాయి. తిట్లు తింటూ నేర్చుకున్న పని కాబట్టి గట్టిగానే వచ్చాయి.

ఆ ఏడు మా నారు చూసినవాళ్లంతా నోరు వెళ్లబెట్టారు. ఏపుగా, లేత పచ్చగా, నవనవలాడుతూ పెరిగింది. "నారక్కా, ఈసారి చెయ్యి తిరిగింది" అని మెచ్చుకుని పట్టుకెళ్లారు. నాకూ మురిపెంగానే ఉండేది. వదిన పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, మళ్లీ ఎండ వాలేలోపు ఒకసారి చిల్లుల మూతి క్యానుతో నీళ్లు పట్టేది. నెట్ ఎప్పుడూ కప్పే ఉండేది. కొత్తదాన్ని కదా, పని అంటే ఇదేనేమో అనుకున్నాను. పొద్దున్నే పట్టాలని నాకు చెప్పి తను మూడుసార్లు పడుతోందేమిటని అడగాలని తోచింది, కానీ ఆవిడ నోటికి జడిసి ఊరుకున్నాను.

టమాటా నారు తీసుకెళ్లిన కొద్ది రోజులకు అవునా బాబాయి వచ్చాడు. ఏం చెప్పినా "అవునా?" అంటాడని ఆ పేరు. వదిన దగ్గర మొదటి నుంచీ నారు కొంటున్న రైతు ఆయనే. ఆయన ఎక్కడ నారు తీసుకుంటే మిగతా రైతులూ అక్కడే తీసుకుంటారు. ఆ రోజు జేబులోంచి తడిగుడ్డ తీసి బల్ల మీద విప్పాడు. లోపల ఒక టమాటా మొక్క. కాడ ఉడికిన ఆకుకూరలా ఉంది.

"నాటిన మర్నాడే పడుకున్నాయమ్మా. నీళ్లు పెట్టాను, లేవలేదు. సగం పొలం ఇంతే."

"ఎండ ఎక్కువగా ఉందేమో బాబాయ్" అంది వదిన.

"అవునా? ఎండ నా పొలానికే వచ్చిందా? పక్కాయన బస్సు రోడ్డు మీద నర్సరీలో తెచ్చి నాటాడు. అవి నిలబడే ఉన్నాయి."

వదిన ఆ మొక్కను చేతిలోకి తీసుకుంది. 

"నీ మీద కోపం కాదమ్మా. చచ్చిన చోట మళ్లీ నాటాలి, ఇంకోసారి నీ దగ్గరే తీసుకుంటా. అవీ పడుకుంటే మాత్రం ఈ ఏటికి నాకు కాపు లేనట్టే. అప్పుడు నన్ను రమ్మని పిలవకు."

ఆయన వెళ్లాక వదిన ఆ వాడిన మొక్కను చాలాసేపు తిప్పి చూసింది. "ఈసారి కూడా పడిపోతే ట్రేలన్నీ కడిగి అటక ఎక్కించేద్దాం. అవునా బాబాయే రావడం మానేస్తే ఇంకెవరొస్తారు?" అని లోపలికి వెళ్లిపోయింది.

అన్నయ్య మిషన్ ఆపి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"మీ వదిన నారును మప్పడం మానేసిందమ్మా. తనకా సంగతి తెలుసు. నేను చెబితే నా మీద పడుతుంది. నువ్వడుగు."

మప్పడమంటే అలవాటు చేయడం. అమ్మేముందు చివరి వారం నారుకు నీళ్లు తగ్గిస్తారు. నెట్ పక్కకు లాగి రోజుకు కొంచెం కొంచెం ఎక్కువ ఎండ తగలనిస్తారు. మధ్యాహ్నం ఆకులు తలలు వాలుస్తాయి. అయినా పొయ్యరు. సాయంత్రం చల్లబడగానే అవే లేస్తాయి. లేవకపోతేనే కాసిన్ని నీళ్లు చూపిస్తారు. అలా వారం గడిస్తే కాడ పొట్టిగా, లావుగా అవుతుంది, కొంచెం ఊదారంగు తిరుగుతుంది, ఆకు మందంగా ముదురు పచ్చగా మారుతుంది. అప్పుడే పొలంలో నిలబడుతుంది. వెనకటి రోజుల్లో ఎవరైనా జాలిపడితే వదిన, "రేపు పొలంలో గొడుగు పట్టుకుని ఎవరు నిలబడతారు, నువ్వా నేనా?" అనేదట. అంత కటువైన మనిషి రోజుకు మూడుసార్లు నీళ్లు ఎందుకు పోస్తోంది?

మర్నాడు ఇద్దరం ట్రేలు నింపుతున్నప్పుడు అడిగేశాను. ఆవిడ తల ఎత్తకుండా పొట్టు సర్దుతూ చెప్పింది.

"ఆసుపత్రిలో నువ్వు మందుల కోసం కిందికి వెళ్లావు, గుర్తుందా? అప్పుడు తమ్ముడు నీళ్లు అడిగాడు. ఆపరేషన్ ముందు చుక్క కూడా ఇవ్వొద్దన్నారు కదా. ఒక్క గుక్క అక్కా, ఒక్క గుక్క, అన్నాడు. లోపలికి తీసుకెళ్లేదాకా అంటూనే ఉన్నాడు. నేను తడిగుడ్డ పెదాలకి అద్దాను, అంతే. ఇప్పుడు దేని తల వాలినా నా చెయ్యి ఊరుకోదు."

ఆ మాట నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆయన నీళ్లు అడిగారని నాకు తెలియదు. నా చేతిలోని పొట్టును ఎంత గట్టిగా పిండానో, నీళ్లు మణికట్టు మీదుగా కారాయి.

"నేనున్నా ఇచ్చేదాన్ని కాదు వదినా."

"నువ్వా?"

"ఇవ్వకూడదన్నారుగా. బతకాలనేగా ఇవ్వలేదు."

"బతకలేదుగా."

"లేదు. అయినా ఇచ్చేదాన్ని కాదు."

ఆవిడ నా వైపు చూసింది. ముక్కు మోచేత్తో తుడుచుకుంది, ముక్కుకు పొట్టు అంటుకుంది. నాకు నవ్వు ఆగలేదు. ఏడుపులోంచి వచ్చిన నవ్వు కాబట్టి మరీ గట్టిగా వచ్చింది. "ఏంటే, అంత అందంగా ఉన్నానా?" అంది ఆవిడ. మొత్తానికి ఆ చివరి వారం నీళ్ల పని నాదని తేల్చాను. ఆవిడ ఒప్పుకోలేదు, కాదననూ లేదు.

అవునా బాబాయి కోసం విత్తిన టమాటా వేళకు మొలిచింది. చివరి వారం వచ్చింది. నెట్ పక్కకు లాగాను. మొదటి మధ్యాహ్నం ఆకులు వాలేసరికి నాకే గొంతు ఎండినట్టయింది. ఒకపక్క నారును కనిపెట్టుకుని ఉండాలి, ఇంకోపక్క వదినను. ఆవిడ ఏదో వంకతో దొడ్లోకి వచ్చేది. చీపురు కావాలనేది, బట్టలు ఆరాయేమో చూస్తాననేది.

"ఆరేసిన బట్టే లేదు గదా వదినా."

"లేదా? అయితే ఆరేసే తాడు చూసిపోదామని వచ్చాను."

అన్నయ్య నాకు సాయం వచ్చాడు. మధ్యాహ్నం కాగానే చొక్కాల కుప్ప ఆవిడ ఒళ్లో పడేసి గుండీలు కుట్టమనేవాడు. "ఇన్ని గుండీలు ఎవరికి కావాలి, జెర్రి ఏమన్నా చొక్కా కుట్టించుకుంటోందా?" అని ఆవిడ సణిగేది. ఒకరోజు ఇద్దరి కళ్లూ కప్పి క్యాను పట్టుకుని వచ్చింది. నేను బల్లకు అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో."

"తప్పుకోను. పోస్తే నా నెత్తిన పొయ్యి. నాకూ ఉక్కగానే ఉంది."

 ఆవిడ నిజంగానే కొంచెం నా నెత్తిన వంచి, మిగతా నీళ్లతో క్యానును లోపలికి పట్టుకెళ్లిపోయింది. చల్లబడ్డాక ఇద్దరం వచ్చి చూశాం. ఆకులు లేచి ఉన్నాయి. "సిగ్గులేనివి, నేను పొయ్యకుండానే లేచాయి" అంది. గొంతులో మాత్రం సంబరమే ఉంది.

అవునా బాబాయి వచ్చి ఒక మొక్కను వేళ్ల మధ్య మెల్లగా వంచాడు. వంచి వదిలితే తిరిగి నిటారుగా నిలబడింది. "అవునా!" అన్నాడు, ఈసారి ప్రశ్నలా కాకుండా. ట్రేలు బండికెక్కించే ముందు మాత్రం అన్నిటికీ బాగా నీళ్లు పట్టాం. అప్పుడే వేర్ల ముద్ద విడిపోకుండా గుంటలోంచి నిలువుగా ఊడి వస్తుంది. ఎండ వాలాక నాటమని వదిన పదిసార్లు చెప్పింది. మీరు కూడా నారు కొనేటప్పుడు పొడుగు చూసి మోసపోకండి. పొట్టిగా, కాడ లావుగా ఉన్నది ఏరుకోండి. ఒక మొక్కను ఊడదీసి చూపించమనండి, వేర్లు తెల్లగా ముద్దనంతా అల్లుకుని ఉండాలి. పూత వచ్చిన నారు ముచ్చటగా ఉంటుంది గానీ, అది ట్రేలోనే ముదిరిపోయినదని అర్థం.

ఆ తర్వాత రోజులు మాకు భారంగా గడిచాయి. వదిన తిండి సరిగ్గా తినలేదు. గేటు చప్పుడైతే చాలు, సూది పక్కన పెట్టేది. చివరికి బాబాయి వచ్చాడు, గడప దాటకుండానే చెప్పాడు.

"నిలబడ్డాయమ్మా. రెండో రోజుకే కొత్త చిగురు."

"అవునా?" అంది వదిన. బాబాయి నవ్వాడు. ఆయన మాట ఆయనకే అప్పజెప్పిందని అన్నయ్య మిషన్ మీద వాలిపోయి మరీ నవ్వాడు. బాబాయి మిరప నారు కూడా కావాలని చెప్పి, పక్కాయన్ను కూడా వెంటబెట్టుకుని వస్తానని వెళ్లాడు. ట్రేలు అటక ఎక్కలేదు.

మిరప నారు చివరి వారానికి వచ్చింది. పొద్దున్నే వదిన నాకన్నా ముందే దొడ్లోకి వెళ్లి నెట్ తనే పక్కకు లాగింది. "ఈసారి నువ్వు అడ్డం నిలబడక్కర్లేదు" అంది. నేను సరేనని ముందుగదిలో అన్నయ్య పక్కన కూర్చుని కాజాలు కుట్టడం మొదలుపెట్టాను. గుమ్మంలోంచి దొడ్డి అంతా కనిపిస్తూనే ఉంటుంది.

మధ్యాహ్నానికి మిరప ఆకులు వేలాడాయి. వదిన క్యాను నిండా నీళ్లు పట్టింది. బల్లల దాకా నడిచి ఆగింది. నేను సూది ఆపాను. అన్నయ్య మిషన్ చప్పుడు కూడా ఆగింది. ఆవిడ వంగి ఒక ఆకును వేలి చివరతో ఎత్తి వదిలింది. అది మళ్లీ వాలింది. "అడిగితే అడగండి" అని వాటితోనే అంది, మాకు వినపడేంత గట్టిగా.

క్యానును గోడ నీడలో దించింది. లోపలికి వచ్చి, నా ఒళ్లోంచి ఒక చొక్కా లాక్కుని, వెలుతురు పడే చోట కూర్చుని దారం ఎక్కించుకుంది.

ఆ మధ్యాహ్నం మిరప నారుకు ఎవరమూ నీళ్లు పట్టలేదు.